సరిహద్దు యూనివర్సిటీ టీచర్లకు: బర్న్‌అవుట్ నుంచి బయటపడటం ఎలా

ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం, కోరాపుట్ వైపు కాలేజీల్లో, యూనివర్సిటీల్లో పాఠాలు చెప్పుకునే తెలుగువాళ్ల కోసం రాస్తున్నాను. మహారాష్ట్రలో నాందేడ్, గడ్చిరోలి వైపు ఉన్నవాళ్లు ఒడియా అన్నచోట మరాఠీ అని చదువుకోండి, మిగతా బాధలన్నీ ఒకటే.

ఈ మధ్య ఎక్కడ చూసినా 'ఒత్తిడిని తట్టుకోవడం ఎలా' అని టీచర్లకు వర్క్‌షాపులు పెడుతున్నారు. అది కూడా శనివారం, హాజరు తప్పనిసరి. రెండు గంటలు కళ్లు మూసుకుని ఊపిరి పీల్చి వదిలి, ఫీడ్‌బ్యాక్ ఫారం నింపి, జియోట్యాగ్ (తీసిన చోటు నమోదయ్యే) ఫొటో దిగి ఇంటికొస్తాం. ప్రాణాయామం మీద నాకేం కోపం లేదు. కానీ నెత్తిన ఉన్న పనిని అలాగే ఉంచి, మోసేవాడి మెడ గట్టిపడాలని చూడటం నాకు నచ్చదు. అందుకే ఇక్కడ ముందు పని సంగతి చూద్దాం, తర్వాత ఒంటి సంగతి. మనసు సంగతి చివర్లో వస్తుంది.

1. అలసటా, బర్న్‌అవుటా? ముందు తేల్చుకోండి

బర్న్‌అవుట్ అనే మాటను ఈ అర్థంలో వాడుకలోకి తెచ్చింది అమెరికా మనస్తత్వవేత్త హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్, 1974లో. తర్వాత క్రిస్టినా మాస్లాక్, సుసాన్ జాక్సన్ కలిసి 1981లో దాన్ని కొలిచే ప్రశ్నావళి తయారుచేశారు. వాళ్లు పట్టుకున్న లక్షణాలు మూడు: లోపలంతా ఖాళీ అయిపోయినట్టుండే నీరసం, ఎదుటి మనిషి మీద విముఖత, 'నావల్ల ఏం ఒరిగింది' అనే నిస్పృహ. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దీన్ని జబ్బుగా కాకుండా, ఉద్యోగంలో ఎడతెగని ఒత్తిడిని సరిగ్గా సంభాళించకపోవడం వల్ల వచ్చే పరిస్థితిగా తన జాబితాలో చేర్చింది. జబ్బు కాదన్నారంటే ఉత్తదే అని కాదు, మూలం పనిలో ఉందని.

ఈ మూడింట్లో నీరసం అందరికీ తెలిసిపోతుంది. కనిపెట్టాల్సింది రెండోదాన్ని. అది మనకంటే ముందు పక్కవాళ్లకు కనిపిస్తుంది. గజపతి జిల్లా కొండల మీంచి వచ్చిన పిల్లవాడు, ఇంట్లో సవర మాట్లాడేవాడు, వాళ్ల ఇంటిమొత్తానికి మొదటి డిగ్రీ వాడిదే. సగం ఒడియా, సగం ఇంగ్లిష్ కలిపి తలుపు దగ్గర నిలబడి ఏదో డౌటు అడుగుతాడు. ఒకప్పుడు మీరు కుర్చీ లాగి కూర్చోబెట్టి, కాగితం తీసి బొమ్మ వేసి చెప్పేవారు. ఇప్పుడు కంప్యూటర్ మీంచి తల ఎత్తకుండా 'రేపు రా' అంటున్నారు. రేపు కూడా అదే మాట. స్టాఫ్ రూములో 'ఈ బ్యాచ్‌కి ఏం చెప్పినా ఒకటే' అనడం అలవాటైపోయింది. వాడి పేరు గుర్తు లేదు, గుర్తు పెట్టుకోవాలనీ లేదు. ఇక్కడిదాకా వచ్చారంటే అది ఉత్త అలసట కాదు.

తేడా తెలుసుకోవడానికి ఒక తేలిక పరీక్ష ఉంది. దసరా సెలవుల్లో వారం పది రోజులు నిజంగా విశ్రాంతి తీసుకుని తిరిగొచ్చాక ఒళ్లు తేలికైతే అలసటే. కాలేజీ తెరిచే ముందురోజు సాయంత్రమే కడుపులో తిప్పడం మొదలై, మూడో రోజుకల్లా సెలవులే రానట్టుంటే బర్న్‌అవుట్ అనుకుని ముందుకెళ్లండి.

ఈలోగా రక్తపరీక్షలు చేయించుకోండి. థైరాయిడ్, హిమోగ్లోబిన్, బీ12, షుగర్. కొండ ప్రాంతంలో ఉంటే మలేరియా కూడా. వీటిలో ఏది తేడాగా ఉన్నా మనిషి ఇలాగే డీలా పడతాడు, మందుతో తేలిపోయేదానికి మనం ఉద్యోగాన్ని తిట్టుకుంటూ కూర్చుంటాం.

2. రెండు వారాలు గంటలు రాయండి

ఇది బోరు పనే, కానీ మిగతా అడుగులన్నీ దీని మీదే ఆధారపడతాయి. ఒక చిన్న నోట్‌బుక్ జేబులోనో బ్యాగులోనో పెట్టుకుని, చేసిన ప్రతి పనినీ గంటల లెక్కన రాయండి. యాప్‌లు వద్దు, ఫోన్ తీస్తే వాట్సాప్ తెరుచుకుంటుంది.

పేజీ ఇలా ఉంటుంది:

మంగళవారం. 10–11 ఎమ్మెస్సీ క్లాసు. 11–12.30 న్యాక్ (కాలేజీలకు గ్రేడులిచ్చే సంస్థ) వార్షిక నివేదికకి పాత సెమినార్ ఫొటోలు వెతకడం. రెండిట్లో జియోట్యాగ్ లేదు. 12.30–1 ఆఫీసులో బొడొబాబు (హెడ్ క్లర్కు) కోసం ఎదురుచూపు. 2–4 ప్రాక్టికల్. 4–4.45 ఒడియాలో వచ్చిన సర్క్యులర్ చదివించుకుని జవాబు రాయించడం. రాత్రి 9–10.30 ఇంటర్నల్ మార్కులు పోర్టల్లో ఎక్కించడం, మధ్యలో రెండుసార్లు లాగౌట్ అయిపోయింది.

క్లాసు, క్లాసుకి తయారవడం, పేపర్లు దిద్దడం, పరిశోధన, కమిటీలు, పోర్టళ్లు, ఎదురుచూపులు అని వారం చివర విడదీసి కూడండి. మనవాళ్లు ఇంకో వరస కలపాలి: భాష కోసం పోయే సమయం. పాఠం ఇంగ్లిష్‌లో, ఫైలు ఒడియాలో, పిల్లల సందేహాలు రెండూ కలిసిన భాషలో. అక్కడే పుట్టి పెరిగి ఒడియా మీడియంలో చదివినవారికి ఈ వరస ఖాళీగానే ఉంటుంది. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి ఉద్యోగానికి వెళ్లినవాళ్లకి మాత్రం వారానికి కొన్ని గంటలు దీనికే పోతాయి, ఆ సంగతి ఎవరి లెక్కలోకీ రాదు. వాళ్ల లెక్కలోకి కూడా.

కూడాక యూజీసీ (విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం) 2018 నిబంధనలు తీసి పక్కన పెట్టుకోండి. పూర్తికాలం ఉద్యోగికి వారానికి 40 గంటల పని, ఏడాదికి 30 పని వారాలు, అంటే 180 బోధనా రోజులు. అందులో నేరుగా పాఠం చెప్పాల్సినవి అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి 16 గంటలు, అసోసియేట్ ప్రొఫెసర్‌కి, ప్రొఫెసర్‌కి 14. మీ గంటలు దీనికి ఎంత దూరంలో ఉన్నాయో చూడండి. చాలామందికి క్లాసు గంటలు కాస్త అటూ ఇటూగానే ఉంటాయి, 40 మాత్రం ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. తినేసేది పాఠం కాదని ఆ కాగితం మీద కనిపించాక సగం మందికి గుండె తేలికవుతుంది. పాఠం మీద ప్రేమ పోయిందనుకుని బెంగపడతాం కానీ, దాని దాకా వెళ్లే ఓపికను పోర్టళ్లు ముందే తినేస్తున్నాయి.

3. ఎక్కడ కారుతోందో చూడండి

మాస్లాక్, మైకేల్ లైటర్ కలిసి ఇంకో పని చేశారు. మనిషికీ పనికీ పొసగని చోట్లు ఆరు అని చెప్పారు: పని భారం, చేతిలో అధికారం లేకపోవడం, గుర్తింపు, తోటివాళ్లు, న్యాయం, విలువలు. ఈ ఆరూ కాగితం మీద రాసి, ఒక్కోదానికీ పదికి ఎన్ని మార్కులో మీరే వేసుకోండి. తక్కువ మార్కులు వచ్చిన ఒకటి రెండిటి మీదే మందు వేయాలి.

ఎందుకంటే మందులు వేరు. పని భారమైతే తగ్గించుకోవాలి. ప్రమోషన్ ఫైలు ఏళ్ల తరబడి కదలకపోతే అది గుర్తింపు, న్యాయం తాలూకు గాయం, దానికి సెలవు పెట్టినా ఉపయోగం ఉండదు. ఫైలు ఎక్కడుందో రాతపూర్వకంగా అడగాలి, టీచర్ల సంఘంతో కలిసి అడగాలి, సమాచార హక్కు చట్టం ఉంది. మార్కులు పెంచమని ఒత్తిడి వస్తుంటే విలువల దగ్గర తేడా, అది లోలోపల బాగా కొరుకుతుంది. సరిహద్దు మనుషులకు 'తోటివాళ్లు' అన్న గడిలో ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది: అక్కడ మనం తెలుగోళ్లం, ఊరెళ్తే 'ఒడిశా మేష్టారు'. ఎవరూ చెడ్డగా చూడకపోవచ్చు. అయినా పండక్కి డిపార్ట్‌మెంట్‌లో అందరూ నవ్వుతున్న జోకు ఒక్క క్షణం ఆలస్యంగా అర్థమవడం, ఏళ్ల తరబడి, మనిషిని కొంచెం పక్కకి జరుపుతుంది.

4. తగ్గించండి: ఇదే అసలు పని

మనకు అడ్డొచ్చేది మొహమాటం. హెచ్‌ఓడీ (డిపార్ట్‌మెంట్ హెడ్) పిలిచి 'కల్చరల్ కమిటీ కూడా మీరే చూసుకోండి' అంటే, ఇంకా ఆలోచించకముందే నోట్లోంచి 'హఉ ఆగ్యా' (ఒడియాలో 'అలాగేనండి') వచ్చేస్తుంది. మొహమాటానికి పోతే ఏమవుతుందో సామెత ఎలాగూ చెప్పింది. మొహం మీద 'కుదరదు' అనడం మన పెంపకంలో లేదు, అననక్కర్లేదు కూడా. ఇలా అడగండి:

'చేస్తాను సార్. ఇప్పుడు నా దగ్గర ఇంటర్నల్ మార్కులు, న్యాక్ నివేదికలో రెండో క్రైటీరియన్, హాస్టల్ కమిటీ ఉన్నాయి. వారానికి ఇన్ని గంటలవుతున్నాయి. వీటిలో ఏది ఇంకొకరికి ఇద్దామంటారు?'

నోట్‌బుక్ లెక్క ఇక్కడ పనికొస్తుంది. అంకె చూపించి అడిగితే అది ఏడుపులా వినిపించదు. అంతా అయ్యాక ఆ మాటే రెండు లైన్ల మెయిల్‌గా పంపండి, మర్యాదగానే. మూడు నెలల తర్వాత 'మీరే ఒప్పుకున్నారుగా' అనే మాట రాదు.

మహిళా అధ్యాపకులకు ఇది రెండింతలు అవసరం. మహిళా సెల్, కల్చరల్స్, అతిథులకు బొకేలు, స్టేజీ మీద యాంకరింగ్, ముగ్గులు, 'మేడమ్ ఉన్నారుగా' అని అన్నీ అటే వెళ్తాయి. వీటిలో చాలావాటికి ప్రమోషన్ లెక్కలో పెద్ద విలువ ఉండదు. విలువ లేనివి వంతులవారీగా అందరికీ వెయ్యమని డిపార్ట్‌మెంట్ మీటింగులో అడిగి మినిట్స్‌లో రాయించండి. ఒక్కరు అడిగితే గొణుగుడు అంటారు, ఇద్దరు ముగ్గురు కలిసి అడిగితే అజెండా అవుతుంది.

పేపర్లు దిద్దడం. మే నెల ఎండలో ఫ్యాను కింద కట్ట విప్పుకుని కూర్చున్నప్పుడు ఒక్కో పేపరు మొదటినుంచి చివరిదాకా చదవకండి. ముందు ఐదు పేపర్లు మార్కులు వెయ్యకుండా ఊరికే చూడండి, బ్యాచ్ స్థాయి తెలుస్తుంది. తర్వాత ప్రతి ప్రశ్నకీ ఏ ఏ అంశాలకు ఎన్ని మార్కులో చిన్న చీటీ రాసుకుని, ఒకటో ప్రశ్న కట్ట మొత్తానికీ దిద్దండి, ఆపైన రెండోది. బుర్ర ఒకే జవాబు మీద ఉంటుంది కాబట్టి వేగం వస్తుంది, ముందు దిద్దినవాడికో న్యాయం, చివర దిద్దినవాడికో న్యాయం అనేది కూడా తగ్గుతుంది. గంటన్నరకి లేవండి. రాత్రి పదకొండు తర్వాత దిద్దిన పేపర్లు మర్నాడు మళ్లీ చూస్తే మీకే తెలుస్తుంది.

వాట్సాప్. సెమిస్టర్ మొదటి క్లాసులోనే చెప్పేయండి: రాత్రి ఎనిమిది తర్వాత జవాబివ్వను, పొద్దున తొమ్మిదికి చూస్తాను. సందేహాలన్నీ క్లాస్ రిప్రజెంటేటివ్ ఒకచోట చేర్చి వారానికి రెండుసార్లు పంపాలి. మొదటి పది రోజులు ఎవరూ నమ్మరు. మీరు ఒక్కసారి రాత్రి పదిన్నరకి జవాబిచ్చారంటే ఆ నియమం పోయినట్టే. డిపార్ట్‌మెంట్ గ్రూపులో మాత్రం ఇంత స్వేచ్ఛ ఉండదు, దాన్ని మ్యూట్‌లో పెట్టి సాయంత్రం ఒకసారి, పొద్దున ఒకసారి చూడండి. నిజంగా కొంపలంటుకుంటే ఫోనే చేస్తారు.

న్యాక్, ప్రమోషన్ కాగితాలు. న్యాక్ 1994లో మొదలైంది, కానీ మన దగ్గర ప్రతిసారీ నిన్ననే వచ్చినట్టు కంగారు. ప్రతి శుక్రవారం మధ్యాహ్నం అరగంట దీనికి కేటాయించండి. ఆ వారం వచ్చిన సర్టిఫికెట్లు, హాజరు షీట్లు, ఫొటోలు తేదీతో సహా ఒకే ఫోల్డర్‌లో. ఫోన్ కెమెరాలో లొకేషన్ ఎప్పుడూ ఆన్‌లో ఉంచండి. సంవత్సరం చివర పదిహేను రాత్రుల జాగారం తప్పుతుంది.

ఒడియా ఫైళ్లకి ఒక ఉపాయం. ఏడాది పొడుగునా మనం రాసే ఉత్తరాలు ఐదారు రకాలే: సెలవు, డ్యూటీ లీవు, బిల్లు, పరీక్ష డ్యూటీ మార్పు, సామాను కొనుగోలు, ఫలానా వివరాలు పంపుతున్నాను అనే జవాబు. ఒడియా బాగా వచ్చిన సహోద్యోగి దగ్గర ఒక సాయంత్రం కూర్చుని అన్నిటికీ నమూనాలు టైపు చేయించుకోండి. తేదీ, పేరు మార్చుకుంటే చాలు. బదులుగా వాళ్లకేం కావాలో అడగండి. ఒక గంట పాఠం చెప్పిపెట్టడమో, వేసవిలో ఒక ఆవకాయ జాడీయో.

కొత్త పేపర్లు, అంటే సబ్జెక్టులు. కొత్త విద్యావిధానంతో సిలబస్సులు, క్రెడిట్లు మారాక ఒకే సెమిస్టర్‌లో రెండు కొత్త పేపర్లు మీద పడుతున్నాయి. ఒకటే కొత్తది తీసుకోండి, రెండోది పాతదే అడగండి. తప్పకపోతే ఒకదాన్ని మాత్రం బాగా తయారుచేసి, రెండోదానికి పాఠ్యపుస్తకాన్నే అంటిపెట్టుకోండి. వచ్చే ఏడాది దాన్ని బాగుచేసుకోవచ్చు.

5. గెస్ట్ ఫ్యాకల్టీగా ఉంటే

పైన చెప్పినవాటిలో సగం మీకు వర్తించవని తెలుసు. వచ్చే సెమిస్టర్ ఉద్యోగం ఉంటుందో లేదో తెలియనివాడు కమిటీ వద్దనలేడు. మీ అలసటలో పెద్ద వంతు అనిశ్చితిది, దానికి డైరీలు, ధ్యానాలు మందు కావు. చేతిలో ఉన్నవి కొన్ని: యూజీసీ 2019లో గెస్ట్ ఫ్యాకల్టీకి లెక్చర్‌కి 1,500 రూపాయలు, నెలకి 50,000 రూపాయలకు మించకుండా అని చెప్పింది. మీ సంస్థ ఎంత ఇస్తోందో దానితో పోల్చి చూసుకోండి. తీసుకున్న ప్రతి క్లాసూ తేదీ, గంటతో రాసి నెలాఖరుకి సంతకం పెట్టించుకోండి. అనుభవ పత్రం ఏ సెమిస్టర్‌ది ఆ సెమిస్టర్‌లోనే తీసుకోండి. ఏళ్లు గడిచాక అడిగితే సంతకం పెట్టాల్సినాయన రిటైరై ఊరెళ్లిపోయి ఉంటారు. సెట్టో నెట్టో (లెక్చరర్ అర్హత పరీక్షలు) పీహెచ్‌డీయో మిగిలి ఉంటే, వారంలో రెండు పొద్దులు దానివే. వాటిలో ఎవరి క్లాసూ ఒప్పుకోవద్దు.

6. ఒళ్లు

ఇక్కడ కొత్తగా చెప్పేదేం లేదు. నిద్ర ఏడు గంటలు, సాయంత్రం నడక, మధ్యాహ్నం వేళకి భోజనం. ఎండాకాలం క్యాంటీన్ నూనె సరుకు మానేసి పొఖాళొ తెచ్చుకోండి, మన చద్దన్నమే. ఇచ్ఛాపురం, సోంపేట నుంచి రైల్లో బరంపురం వెళ్లొచ్చేవాళ్లు, పాతపట్నం నుంచి పర్లాకిమిడి వెళ్లేవాళ్లు ప్రయాణంలో పేపర్లు దిద్దడం మానెయ్యాలి. ఇంటికీ పనికీ మధ్య ఉన్న ఖాళీ అదొక్కటే. కిటికీలోంచి చూడండి, నిద్రపోండి, పేకాట బ్యాచ్ ఉంటే చేరండి.

7. మాట్లాడుకునే మనుషులు

ఇద్దరు ముగ్గురు చాలు. వారానికోసారి టీ కొట్టు దగ్గర, తెలుగులోనే. పగలంతా ఆచితూచి మాట్లాడిన నోరు కాస్త వదులవ్వాలి. ఒక్కటే జాగ్రత్త: గంటసేపూ పైవాళ్లని తిట్టుకుని లేస్తే వెళ్లినప్పటికంటే బరువెక్కి వస్తాం. తిట్లు పదిహేను నిమిషాలు, ఆ తర్వాత ఈ వారం ఏ క్లాసు బాగా నడిచిందో ఒక్కొక్కరూ చెప్పాలని పెట్టుకోండి. మొదట సిగ్గుగా ఉంటుంది. మూడో లక్షణం, 'నావల్ల ఏం ఒరిగింది' అన్నది, కరిగేది ఇలాంటి చోటే. ఒకరి క్లాసులో ఒకరు వెనక బెంచీలో కూర్చుని చూడటం ఇంకా మంచిది. మన క్లాసులో ఏది బాగుందో మనకంటే పక్కవాడికి బాగా తెలుస్తుంది.

ఈ ప్రాంతంలో టీచరు త్యాగం గురించి ఉపన్యాసం మొదలైతే గిడుగు రామమూర్తి పంతులు గారి పేరు రాక తప్పదు. పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూనే సవర నేర్చుకుని, ఆ భాషకి వ్యాకరణం, నిఘంటువు రాసి, కొండల్లో తిరుగుతూ మలేరియాకి వాడిన క్వినైన్ వల్ల వినికిడి పోగొట్టుకున్నారు. గొప్పవారే, సందేహం లేదు. కానీ ఆయన ఉదాహరణ చూపించి 'మీరు వారానికి 60 గంటలు చేయలేరా' అనేవాళ్లని నమ్మకండి. ఆయన చేసింది తాను ఎంచుకున్న పని. మన 60 గంటల్లో మనం ఎంచుకున్నవి ఎన్నో నోట్‌బుక్ చూస్తే తెలుస్తుంది. అన్నట్టు, మీరు ఎంచుకున్న పని ఏదైనా ఒకటి వారంలో ఉండి తీరాలి. పరిశోధనో, ఊళ్లో పిల్లలకి సాయంత్రం లెక్కలో, వ్యాసం రాయడమో. మిగతావన్నీ తగ్గించేటప్పుడు పొరపాటున దీన్ని కోసెయ్యకండి.

8. డాక్టరు దగ్గరికి ఎప్పుడు

రెండు వారాలకు మించి నిద్ర పట్టకపోతే, పని మీదే కాక తిండి, సంగీతం, సొంత పిల్లల మీద కూడా ఆసక్తి పోతే, సాయంత్రం మద్యం అలవాటుగా మారితే, అది బర్న్‌అవుట్ హద్దు దాటి డిప్రెషన్ వైపు వెళ్తోందని అనుమానించాలి. చచ్చిపోవాలనే ఆలోచన వస్తే మాత్రం ఆ రోజే. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య సహాయ ఫోన్ సేవ టెలిమానస్ నంబరు 14416. రాత్రీ పగలూ పనిచేస్తుంది, డబ్బు తీసుకోరు, తెలుగులో మాట్లాడాలని అడగొచ్చు. బరంపురంలో ఎంకేసీజీ మెడికల్ కాలేజీలో మానసిక వైద్య విభాగం ఉంది. ఊళ్లో అందరూ తెలిసినవాళ్లే అని జంకితే విశాఖపట్నం వెళ్లండి, అక్కడ ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. మీ వివరాలు రహస్యంగా ఉంచడం 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మీకిచ్చిన హక్కు. మెడికల్ లీవు పెట్టడానికి సిగ్గుపడకండి. కాలు విరిగితే పెట్టరా?

9. మళ్లీ లెక్క

నోట్‌బుక్ మూలన పడెయ్యకండి. సెమిస్టర్‌కి ఒకసారి ఒక్క వారం మళ్లీ రాసి, ఆరు గళ్లకీ మళ్లీ మార్కులు వేసుకోండి. పరీక్షల వారం, న్యాక్ బృందం వచ్చే వారం, బరంపురంలో ఠాకురాణి యాత్ర (ఊరి అమ్మవారి జాతర) జరిగే రోజులు లెక్కకి తీసుకోకండి, అంకెలు ఎటూ కాకుండా వస్తాయి. మామూలుగా క్లాసులు నడిచే ఆగస్టులో ఒక వారం, ఫిబ్రవరిలో ఒక వారం చాలు. పోర్టళ్ల గంటలు కిందటిసారి కంటే పెరిగి కనిపిస్తే, నాలుగో అడుగు దగ్గర హెచ్‌ఓడీకి రాసిన మెయిల్ తీసి, తేదీ మార్చి, కొత్త అంకె వేసి మళ్లీ పంపండి.